గ్రహణం పూట చుట్టిన కండె

గద్వాల చీర పేరంతా మగ్గం మీద కూర్చున్న మగవాడిదే. రాట్నం దగ్గర నూలును కండెలుగా చుట్టే ఆడమనిషిని ఎవరడుగుతారు? మా పక్కింటి పద్మజ అలాంటి మనిషి.

ఆమె మొగుడు నాగేశ్ స్వయానా మేనమామ. ఇంటి పిల్ల పరాయి గడప తొక్కొద్దని అవ్వ రంగమ్మ పట్టుబట్టి చేసిన పెళ్లి. పద్మజకు అమ్మమ్మా, అత్తా ఆమే. కొడుకు మల్లికార్జున్‌కు తొమ్మిదేళ్లు. తల చిన్నది, మాట రాదు.

వాడు కడుపులో ఉండగా, గ్రహణం పూట పద్మజ రాట్నం ముట్టింది. చీర ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చింది మరి. అప్పటి నుంచి ఆ మాట ఎత్తిపొడవందే రంగమ్మకు ముద్ద దిగదు. నాకు ఒళ్లు మండేది. పద్మజ మాత్రం నిజమేనని నమ్మింది. ఆ ఇంట్లో ఆమెను ఒక్క మాట అననిది నాగేశ్ ఒక్కడే.

మొన్న నెత్తురు పరీక్ష ఫలితం కోసం మొగుడూ పెళ్లాం, పిల్లాడు ముగ్గురూ హైదరాబాదు పోయారు. అక్కడి డాక్టరమ్మ వివరంగా చెప్పిందట. కణం రెండుగా చీలేటప్పుడు లోపల దారాలతో కండె లాంటిది ఒకటి ఏర్పడుతుంది. కడుపులో మెదడు పెరిగేటప్పుడు ఆ కండె సరిగ్గా కుదురుకుంటేనే విత్తనం లాంటి కణాలు తగినన్ని పెరుగుతాయి. అది ఒరిగితే విత్తనం తొందరగా అయిపోయి మెదడు చిన్నగా నిలిచిపోతుంది. కండెను నిలబెట్టే జన్యువులో లోపం మొగుడూ పెళ్లాలిద్దరిలో దాగి ఉంది, ఇద్దరిదీ ఒకే రక్తం గనుక. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. మళ్లీ పుట్టే బిడ్డకూ రావచ్చు.

మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడెలో కండె ఒరిగితే పోగు తెగడం పద్మజ రోజూ చూసేదే. అక్కడే ఏడ్చేసిందట.

వాళ్లు తిరిగొచ్చినప్పుడు నేను రంగమ్మ దగ్గరే కూర్చున్నాను.

"ఏమన్నరే దవాఖానల?" అన్నది రంగమ్మ.

నాగేశ్ నోరు తెరిచాడు. పద్మజ అడ్డుపడింది. "గ్రహణమే అన్నరు అవ్వా."

"నేను చెప్పలేదా?" అన్నది ముసలామె.

అసలు సంగతంతా పద్మజ నాకు తర్వాత చెప్పింది. నీకేమైనా పిచ్చా అని తిట్టాను.

"ఆమె చేసిన పెండ్లి అక్కా. గిప్పుడు తప్పు ఆమె నెత్తిన పెడితే బతుకుతదా? నాకైతే మాట పడుడు అలవాటైంది" అన్నది. నాకు దుఃఖం ఆగలేదు.

కొన్నాళ్లకు రంగమ్మ రాట్నం పక్కన వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి మనవరాలి వీపు నిమిరింది.

"అయ్యిందేదో అయ్యింది బిడ్డా. ఇంకొకన్ని కను. ఈసారి గ్రహణం పూట నేనే నీ పక్కన కావలుంట, రాట్నం ముట్టనియ్య."

పద్మజ కండె చుడుతూనే ఉంది.