భీమశంకరం గారు నిలబడే చోటు

భీమశంకరం గారు మంచి బొమ్మ ముందు నిలబడగా చూసినవాళ్ళు సియాటిల్ పక్కనున్న బాతెల్ ఊళ్ళో ఒక్కరూ లేరు. బొమ్మలు తగిలించిన గదిలోకి తీసుకువెళ్ళి వదిలితే చాలు, అన్నిటిలోకీ ఏది చూస్తే మనకి కడుపులో తిప్పుతుందో సరిగ్గా దాని ముందుకి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా చిరునవ్వుతో నిలబడిపోతారు. అక్కడితో ఆగితే పాపం చూపు మందగించిందని సరిపెట్టుకోవచ్చు. ఆయన ఆగరు. దాన్ని వేసిన మనిషి ఎక్కడున్నా వెతికి పట్టుకుని, "కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చేస్తారా సర్, మొదట్నుంచీ" అంటారు. ఆ 'మొదట్నుంచీ' చెవిన పడగానే ఆయన భార్య ఛాయాదేవి గారికి గంటల లెక్కన డబ్బులు లాగే పార్కింగ్ మీటర్ గుర్తొచ్చి గుండె పట్టుకుంటుంది.

పగలంతా ఆయనది డేటాబేస్‌లకి కాపలా కాసే ఉద్యోగం. ప్రతి నెలా మొదటి గురువారం మాత్రం సాయంత్రం కాగానే కారు సియాటిల్ దారి పడుతుంది. ఆ రోజు పయొనీర్ స్క్వేర్‌లో గ్యాలరీలన్నీ తలుపులు బార్లా తీసి, టికెట్ లేకుండా, పైపెచ్చు చీజ్ ముక్కలు కూడా పెట్టి జనాన్ని పిలుస్తాయి. ఒకసారి అక్కడ గోడంత కాన్వాసు మీద అంతా మట్టిరంగు పూసి, మధ్యలో ఒక దారప్పోగు అంటించిన కళాఖండం ఎదురైంది. భీమశంకరం గారు దాని ముందు పాతుకుపోయారు. గడ్డం చిత్రకారుడు మొదట తడబడ్డాడు, తర్వాత పుంజుకున్నాడు, చివరికి చెప్పగా చెప్పగా తన బొమ్మ తనకే అర్థమై అతని కళ్ళు మెరిశాయి. ఛాయాదేవి గారికి మాత్రం ఆకలి వేసింది.

బట్టల షాపుల్లోనూ ఇదే తంతు. సియాటిల్‌లోనే క్యాపిటల్ హిల్ పేటలో కొన్ని షాపులుంటాయి. గది మొత్తానికి నాలుగు చొక్కాలు వేలాడదీసి, మధ్యలో ఒక బండరాయి పెట్టి, దాన్ని ఫ్యాషన్ అంటారు. జనం కిటకిటలాడే షాపు వైపు ఆయన కన్నెత్తి చూడరు. ఎక్కడ ఆ బట్టలు కుట్టిన పిల్ల ఒక్కతీ గల్లా దగ్గర కూర్చుని గోళ్ళు చూసుకుంటూ ఉంటుందో అక్కడ దూరి, కనపడినదల్లా తొడిగి చూసి, ఏదో ఒకటి కొనుక్కుని బయటపడతారు. అలా సంపాదించినదే వీపు వైపు గుండీలుండే కోటు. దాన్ని తొడుక్కోవాలన్నా విప్పుకోవాలన్నా ఇంకో మనిషి సాయం కావాలి. మేక గిట్టల్లా ముందువైపు రెండుగా చీలిన వెండిరంగు జోళ్ళూ అలా వచ్చినవే. ఈ వేషంతో గుడికి బయల్దేరితే ఛాయాదేవి గారు గుమ్మంలోనే అడ్డుపడింది. "పంతులు గారు మిమ్మల్ని చూస్తే గోత్రం అడగరండీ, ఎమర్జెన్సీ కాంటాక్ట్ అడుగుతారు" అంది.

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? సోఫా రంగుకి మ్యాచ్ అయ్యే బొమ్మ కొని, ఆనాటి నుంచీ కళాపోషకుడైన తేజేశ్వర్, తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో సిద్ధాంతం ప్రకటించాడు. ఏ షోలోనైనా భీమశంకరం అంకుల్ దేని ముందు నిలబడితే అది ఫ్లాప్ అని రాసిపెట్టుకోవచ్చట. అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది భవిత. ఆ నవ్వు తర్వాత ఆమెకే తగిలింది.

భవిత ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. భీమశంకరం గారింట్లోనే కింది గది అద్దెకి తీసుకుని ఉంటోంది. వారాంతాల్లో ఆ గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వస్తూ ఉండేది. ఇక్కడ మనవాళ్ళ ప్రతి ఇంట్లోనూ కంపెనీలు ఊరికే ఇచ్చిన టీషర్టులు గుట్టలుగా పడి ఉంటాయి కదా, కొన్నాళ్ళు ఒంటి మీద, ఆపైన కిచెన్ గట్టు మీద. భవిత వాటిని అడిగి తెచ్చుకుని, ముక్కలు కోసి, వాళ్ళ అమ్మమ్మ పాత చీరలతో కుట్టినట్టు పెద్ద బొంత కుట్టింది. ఎలాగో తిప్పలు పడి వచ్చే మొదటి గురువారానికి పయొనీర్ స్క్వేర్‌లోని ఒక గ్యాలరీలో ఒక మూల సంపాదించింది. యజమాని లిండా దాపరికం లేని మనిషి. జనం ఆగి చూస్తే వచ్చే నెల ముందు హాలు నీదే, ఆగకపోతే బొంత చుట్టుకుని వెళ్ళిపోవాలి అని ముందే చెప్పేసింది. టెస్టింగ్ ఉద్యోగం వదలకుండానే తను ఇంకొకటి కూడా కాగలనా లేదా అన్నది భవితకి ఆ ఒక్క సాయంత్రంతో తేలిపోవాలి.

అందుకే ఛాయాదేవి గారి చేతులు పట్టుకుని, ఈ సంగతి అంకుల్‌కి మాత్రం చెప్పొద్దని బతిమాలింది. ఆవిడ ఒట్టేసింది. ఆవిడ ఒట్టు సాంబారు చల్లారే దాకా నిలుస్తుంది.

గురువారం రానే వచ్చింది. బొంత ఉండాల్సింది నేల మీదేనని భవిత పట్టుబట్టి కిందే పరిచింది. ఆ మూల బాత్రూమ్ పక్కన ఉంది. వచ్చినవాళ్ళు అదేదో బొమ్మలు చుట్టి తెచ్చిన గుడ్డ అనుకున్నారు. ఒకాయన దాని అంచు మీద వైన్ గ్లాసు పెట్టి మర్చిపోయాడు. చాలామంది ఆమె దగ్గరికి వచ్చారు, మర్యాదగా నవ్వారు, ప్రశ్న కూడా అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న, బాత్రూమ్ ఎటు అని. హాలు మధ్యలో గాలి ఊదిన ప్లాస్టిక్ సంచీ చుట్టూ మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం.

అప్పుడు గుమ్మంలో వెండి జోళ్ళు మెరిశాయి. వాటి వెనకే ఛాయాదేవి గారు.

భవిత గోడ వైపు తిరిగిపోయింది. ఎదురు మూల తుప్పుపట్టిన తీగల ఉండలు పెట్టుకుని, జేబుల్లో చేతులతో ఒక ముసలాయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. దేవుడా, ఆయన్ని అటు పంపించు అని మొక్కుకుంది. భీమశంకరం గారు తీగల్ని చూశారు, బొంతని చూశారు, మళ్ళీ తీగల్ని చూశారు. చివరికి నేరుగా బొంత దగ్గరికి నడిచి వచ్చారు. తేజేశ్వర్ సిద్ధాంతం గుర్తొచ్చి భవితకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన నిలబడితే బాగుండేది. జోళ్ళు విప్పి, బొంత అంచున పక్కపక్కనే సర్ది, వైన్ గ్లాసు తీసి పక్కన పెట్టి, బొంత నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తాకరాదన్న బోర్డు ఆయన మోకాలి కింద పడిపోయింది.

"అంకుల్, అది కూర్చోడానికి కాదు" అంది భవిత పళ్ళు బిగించి.

"బొంతే కదమ్మా. బొంత మీద కూర్చోకపోతే ఎలా?" అన్నారాయన. "ఏదీ, కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి, మొదట్నుంచీ. ఇంగ్లీష్‌లో చెప్పు. గట్టిగా చెప్పు."

చేసేది లేక భవిత మొదలుపెట్టింది. ఈ నీలం ముక్క తన స్నేహితురాలు గీతాంజలిని లేఆఫ్ చేసిన కంపెనీది, ఉద్యోగం పోయినా టీషర్ట్ మాత్రం చిరగలేదు. ఈ ఆకుపచ్చది సరుకు అమ్మకముందే మూతబడిన స్టార్టప్‌ది. ఇది రాత్రింబగళ్ళు పనిచేయించి, బోనస్ బదులు చొక్కా ఇచ్చినవాళ్ళది. భీమశంకరం గారు హాలంతా వినపడేలా, మరి ఈ నల్లదో, ఈ నారింజదో అని అడుగుతూనే ఉన్నారు.

నల్లదాని పేరు ఆమె చెప్పగానే బాత్రూమ్‌కి వెళుతున్న ఒకాయన టక్కున ఆగాడు. తను ఆ కంపెనీలోనే పనిచేశానన్నాడు. వంగి చూశాడు. వెండి జోళ్ళ వైపు చూసి, ఇక్కడి ఆచారం కాబోలనుకుని తన బూట్లూ విప్పి, ఆ ముక్క పక్కన కూర్చుని దాన్ని నిమిరాడు. సియాటిల్‌లో ఉద్యోగం పోని ఇల్లు ఎక్కడుంది? ఇంకొకావిడ తన పాత లోగో వెతుక్కుంటూ వచ్చింది. ఇంకొకరు వాళ్ళాయన్ని కేకేశారు. కాసేపటికి బొంత నిండిపోయి, ఎవరిని ఏ శుక్రవారం తీసేశారో చెప్పుకుంటూ తిరణాల అయింది. ప్లాస్టిక్ సంచీ ఒంటరిగా ఊగుతోంది.

లిండా పరుగున వచ్చి, జోళ్ళ వరసను చూసి, ఇవి కూడా కళాఖండంలో భాగమేనా అని గుసగుసగా అడిగింది. భవిత వరస మొదట్లో మెరుస్తున్న మేక గిట్టల్ని చూసింది. అవునంది. ముందు హాలుకి ఎన్ని జతలు పడతాయో ఆలోచిస్తూ లిండా వెళ్ళిపోయింది.

థాంక్స్ చెబుదామని భవిత తిరిగి చూస్తే భీమశంకరం గారు లేరు. ఎదురు మూల, ఉత్త సాక్సులతో, తుప్పు తీగల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముసలాయన చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చి గాలిలో ఏదో గీస్తున్నాయి.

"అంకుల్ మధ్యలోనే వెళ్ళిపోయారేంటి ఆంటీ? నచ్చలేదా?"

బొంత అంచున కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్న ఛాయాదేవి గారు తలెత్తింది. "ఆయనకి నచ్చడం, నచ్చకపోవడం ఎక్కడేడిసింది? మా పెళ్ళిలోనూ ఇంతే. పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి, బంతి చివర విస్తరి దగ్గర నిలబడ్డారు. అంత దూరం వెళ్ళేసరికి గిన్నెలో కూర అయిపోతుందట, వాళ్ళనెవరూ పట్టించుకోరట. ఇదిగో, ఇప్పుడు నీ విస్తరి నిండింది."

తన బొంత చివరి విస్తరి అయినందుకు భవితకి ముందు కొంచెం పౌరుషం వచ్చింది. ఆ వెనకే ఆంటీ ఎన్నోసార్లు చెప్పిన మట్టిరంగు కాన్వాసూ, వీపు గుండీల కోటూ, షాపులో గోళ్ళు చూసుకునే పిల్లా వరసగా గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాట్‌లక్‌లో నవ్విన నవ్వు కాదిది.

ఆయన జోళ్ళు ఆయనకి ఇచ్చేద్దామని వంగింది. అప్పటికే ఒకమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని వాటికి ఫొటోలు తీస్తోంది. ఇక లాభం లేదని వదిలేసి, తన చెప్పులు కూడా విప్పి ఆ వరసలో పెట్టి, హాలు దాటి వెళ్ళి తీగల ముందు నిలబడింది. ముసలాయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"సారీ, నేను లేట్‌గా వచ్చాను" అంది భవిత. "మొదట్నుంచీ చెప్తారా?"

భీమశంకరం గారు ఆమె వైపు చూడలేదు. బంతిలో మనిషికి చోటిచ్చినట్టు కాస్త పక్కకి జరిగారు, అంతే. అటు బొంత మీద ఛాయాదేవి గారికి పార్కింగ్ మీటర్ గుర్తొచ్చి గుండె పట్టుకుంది.