కొంగు తిరగేసి చూసే మనిషి

ఇందుమూలంగా గద్వాల పట్టణ పురజనులకు, చుట్టుపక్కల మండలాల ఆడపడుచులకు తెలియజేయడమేమనగా: ఇకమీదట పెళ్లిళ్లలో గానీ, పేరంటాల్లో గానీ, బస్సులో పక్క సీట్లో గానీ మీ చీర కొంగును ఎవరూ పట్టుకుని తిరగేసి చూడరు. మీరు ఏ చీర కట్టుకుని దాన్ని గద్వాల చీర అని చెప్పుకున్నా అడ్డు తగిలేవారు లేరు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు పరువు పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. కావున యావన్మంది నిశ్చింతగా భోంచేయవలసిందిగా కోరడమైనది. ఆ తిరగేసి చూసే ఒకే ఒక్క మనిషి, మా పెద్దమ్మ, రెండు వారాల కింద మంగళవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది.

చావు కబురైనా సరే నాకు ఇలా చెప్పడమే వచ్చు. ఇరవై ఏళ్లకు పైగా గద్వాలలో మైకు ఆటో తిప్పుతున్నాను. నల్లా నీళ్లు రాని రోజు, కొత్తగా తెరిచిన చెప్పుల దుకాణం, పెబ్బేరు సంతకు తోలుకెళ్తుంటే తప్పిపోయిన బర్రె, అన్నీ ఈ గొంతులోంచే ఊరికి తెలిశాయి. చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది గానీ నోరు ఆగలేదు. ఆ నోటిని అదుపులో పెట్టాలని చూసినవాళ్లు చాలామంది. చేతనైంది పెద్దమ్మకొక్కదానికే. అదీ ఎప్పుడో ఓసారి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నేతపని చేసే ఇంటికి కోడలుగా వచ్చింది. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఆమె పని అతకడం. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగులు ఆగిన చోట పట్టు పోగులు మొదలుకావాలి. అందుకు ఒక్కో నూలు పోగు కొసను ఒక్కో పట్టు పోగు కొసతో కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టాలి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్కటీ తప్పకుండా. ఆ పని చేసేటప్పుడు ఆమె ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడేది. వేళ్లు మాత్రం ఆ మాటల్లోకి వచ్చేవి కావు.

ఇంత చేసినా నేతకారుల కార్డు మగ్గం మీద కూర్చున్నవాడి పేరుమీదే వస్తుంది. ఒకసారి వివరాలు రాసుకోవడానికి వచ్చినాయన ఆమె పేరు పక్కన ఇంటిపని అని రాసుకున్నాడు. పెద్దమ్మ లేచి వెళ్లి ఆయన కాగితం మీద బూడిద వేలు పెట్టింది. "సారూ, నేను అతకకుంటే నీ చీరకు కొంగే ఉండదు. గది రాసుకో," అంది. ఆయన ఏం రాసుకున్నాడో తెలియదు. కాగితం మీద ఆ వేలిముద్ర మాత్రం పోయి ఉండదు.

అతుకు వేసిన చోట చీర వెనకవైపు సన్నటి గీత ఉంటుంది. కంటికి సరిగా ఆనదు, బొటనవేలితో రాస్తే తగులుతుంది. మరమగ్గం మీద తీసిన చీరకు ఆ గీత ఉండదు. "కండ్లు మోసపోతయి రా, బొటనవేలు మోసపోదు," అనేది. అందుకే ఎవరి కొంగు కనపడినా ఆమె చెయ్యి ఆగేది కాదు.

ఒకసారి పెద్దమ్మను వనపర్తిలో చుట్టాల పెళ్లికి తీసుకెళ్లాను. భోజనాల వరుసలో పెళ్లికొడుకు తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ చీర మీద అందరి కళ్లూ ఉన్నాయి. ఆవిడ కూడా ఆ కళ్లకోసమే కట్టుకుంది. పెద్దమ్మ ఎడమచేత్తో కొంగు అందుకుని వెనక్కి మడిచింది. గద్వాల చీరేనని ఆవిడ గొప్పగా చెప్పింది. "పేరు మా ఊరిదే తల్లీ, చీరె మా ఊరిది కాదు," అంది పెద్దమ్మ, పప్పు కలుపుకుంటూ. వరుస వరుసంతా చెవులు రిక్కించింది. నేను సాంబారు బకెట్ వెనక దాక్కున్నాను.

వారం తిరక్కుండానే ఆవిడ ఆ చీరను సంచిలో పెట్టుకుని పోట్లాడ్డానికి గద్వాల వచ్చింది. నలుగురిలో పరువు తీశావంది. పెద్దమ్మ చాయ్ ఇచ్చి, మగ్గం పక్కన కూర్చోబెట్టి, ఆవిడ వేలు పట్టుకుని ఒకసారి ఆ చీర మీద, ఒకసారి ఈ చీర మీద రాయించింది. ఆవిడ తనంతట తానే ఇంకోసారి రాసి చూసుకుంది. ఆ తర్వాత వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా చీరలు మా పెద్దమ్మ ఇంటి మగ్గం మీదివే.

నేను ఆమెను ఏడిపించని రోజు లేదు. ఒకసారి మున్సిపల్ ఎన్నికల ముందు, మా వార్డు నుంచి పెద్దమ్మ నిలబడుతోందని మైకులో చెప్పేశాను. మధ్యాహ్నానికల్లా వీధి ఆడవాళ్లు మోరీ పొంగుతోందని, లైటు వెలగడం లేదని వాకిట్లోకి వచ్చారు. నన్ను చీపురుతో కొడుతుందనుకున్నాను. ఆమె చేతులు కడుక్కుని, వాళ్లను వెంటేసుకుని ఆఫీసుకు పోయింది. మూడోనాటికి మోరీ బాగైంది. "నిలబడకుంటనే గెల్చిన. నువ్వు జన్మల గెలుస్తవా?" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొన్నేళ్ల కింద ఊళ్లో ఒక పెద్ద బట్టల షాపు తెరిచారు. పేరు చెప్పను. లోపల అద్దాలు, ఏసీ, తాగడానికి చల్లని నీళ్లు. అమ్మేది మాత్రం ఎక్కడో మరమగ్గాల మీద తీసిన చీరలు. వాటిమీద గద్వాల చేనేత అని చీటీ. నెల తిరగ్గానే, మా అన్నకు నూలిచ్చి నేయించుకునే షావుకారు పని తగ్గించాడు. అన్న అంటే పెద్దమ్మ కొడుకు. కొన్నాళ్లకు అసలు ఇవ్వడమే మానేశాడు. నేసిన చీరలు షావుకారు తీసుకోక మడతల్లోనే ఉండిపోయాయి. అన్న మగ్గం విప్పేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోదామనుకున్నాడు. గుంట పూడ్చడానికి మట్టి కూడా తెప్పించి వాకిట్లో పోయించాడు.

పెద్దమ్మ ఆ మట్టికుప్ప ముందు నిలబడి ఒకటే మాట అడిగింది. "ఈ ఒక్క పెండ్లిండ్ల కాలం ఆగు బిడ్డా. అమ్ముడుపోకుంటే గుంట నేనే పూడుస్త."

అన్న మధ్యేమార్గం చెప్పాడు. అతుకు మానేద్దాం, పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, ఒకే దారంతో వేసి కొంగుకు రంగు అద్దుదాం, చీర తొందరగా దిగుతుంది, చవగ్గా అమ్మొచ్చు అన్నాడు. అలా ఒకటి మొదలుపెట్టాడు కూడా. పెద్దమ్మ కత్తెర తెచ్చి ఆ పడుగును అడ్డంగా కోసింది. అన్న రెండు రోజులు మగ్గం వైపు పోలేదు. మూడోనాడు ఆమె కొత్త పడుగుకు అతుకు వేస్తూ కనిపించింది. దారం ఎక్కడ తెచ్చిందో ఎవరికీ చెప్పలేదు. చెవులకు కమ్మలు లేవు, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పెద్ద షాపు వాళ్లు ప్రచారానికి ఒక ఆటోను మాట్లాడుకున్నారు. ఆ ఆటో నాది. పెళ్లిళ్ల కాలమంతా పని. కాదనలేదు. నా గొంతే రికార్డు చేసుకున్నారు. అసలు సిసలైన గద్వాల చేనేత చీరలు, మగ్గం నుంచి నేరుగా మీ ముంగిటికి, రండి బాబూ రండి. అదే పాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

మూడో రోజు మా పెద్దమ్మ వీధిలోకి తిరగక తప్పలేదు. ఆమె ఇంట్లోంచి వచ్చి ఆటోకు అడ్డంగా నిలబడింది. చేతులకు బూడిద అలాగే ఉంది. వీధి ఆడవాళ్లు కిటికీల్లోంచి చూశారు. హారన్ కొట్టాను. కదల్లేదు.

"ఏందిరా చెప్తున్నవ్?"

"నా పని పెద్దమ్మా. జర పక్కకు జరుగు."

"మగ్గం నుంచి వచ్చినయా అవి? యాడుందిరా ఆ మగ్గం? చూపి."

"నాకేం తెల్వదు. వాళ్లు చెప్పమన్నరు, చెప్తున్న."

"నీకు తెల్వదా? నా ఇంట్ల బువ్వ తినుకుంట, మగ్గం కట్టెలు వట్టుకొని నడక నేర్సినవ్. తెల్వదా?" గొంతు పెంచలేదు. "మంది నీ మాట ఇంటరు బిడ్డా. నా మాట ఎవరింటరు? ఆ గొంతుతోనే నిజం చెప్పు. ఒక్కసారి చాలు."

రికార్డు ఆపేశాను. మైకు నోటి దగ్గర పెట్టుకుని వీధి వీధంతా వినేలా చెప్పాను: ఈ షాపు చీరలు మగ్గం మీదివి కావు, అసలు చీర కావాలంటే కొంగు తిరగేసి బొటనవేలితో చూడండి, నమ్మకం లేకపోతే మా పెద్దమ్మ ఇంటికి రండి, ఆమె అతుకుతుంటే కళ్లారా చూసి కొనుక్కోండి. ఆ సాయంత్రమే షాపు వాళ్లు నన్ను మానిపించారు. ఆ మర్నాటి నుంచి జనం పెద్దమ్మ వాకిట్లోకి రావడం మొదలైంది. ముందు మా వీధివాళ్లు, తర్వాత పాన్‌గల్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి. మడతల్లో ఉన్న చీరలు పోయాయి. తెప్పించిన మట్టితో అన్న వాకిలి మెరక చేసుకున్నాడు. మగ్గం ఈ రోజుకీ ఆడుతోంది.

దవాఖానలో ఆమె మూడు రోజులే ఉంది. ఊపిరి అందలేదు. దుప్పటి పోగులను వేళ్లతో మెలిపెడుతూనే ఉంది.

ఆమె కోసం మీరు దండలు తేనక్కర్లేదు. చీర కొనేటప్పుడు కొంగు వెనక్కి తిప్పి వేలితో రాయండి. గీత తగలకపోతే అక్కడే, పదిమందిలో, గట్టిగా అడగండి. షాపువాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. వీలైతే ఊరికి వచ్చి, నేసినవాడి పేరూ అతికినామె పేరూ అడిగి కొనండి. మగ్గాలు ఎప్పుడో పోయాయని జాలిగా మాట్లాడేవాళ్లు నాకు కనపడుతూనే ఉంటారు. వాళ్ల జాలి వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి. పోలేదు. ఆ షాపు ఇంకా ఉంది, ఇది చదువుతారేమో కూడా. చదవనీ.

మొన్న దినాలకు వచ్చినవాళ్లంతా నా భుజం తట్టారు. ఆ రోజు మైకులో అంత ధైర్యంగా చెప్పబట్టే ఆ ఇల్లు నిలబడిందన్నారు. వడ్డిస్తున్న అన్న నా వైపు ఒకసారి చూసి, పక్క విస్తరికి పోయాడు. అతను ఆ రోజు మగ్గం గుంటలో ఉన్నాడు. అన్నీ విన్నాడు.

నేను మైకులో ఏమీ చెప్పలేదు. అది నేను కల్పించింది. జనం పెద్దమ్మ ఇంటికి రావడం మొదలయ్యాక చాయ్ హోటల్లో కూర్చుని అల్లాను. షాపు వాళ్లు నన్ను మానిపించనూ లేదు, పెళ్లిళ్ల కాలమంతా తిరిగాను. నా మాట నిజమేనా అని ఎవరో నా ముందే పెద్దమ్మను అడిగారు. నేను చెప్పుల వైపు జరిగాను. పోగు విషయంలో కన్నకొడుకును కూడా వదలని మనిషి, తలెత్తకుండా అంది: "ఔ మరి. మావోడే చెప్పిండు."

ఆ రోజు నేను చేసిందల్లా సౌండు ఇంకొంచెం పెంచి, ఆమె పక్కనుంచి బండి తిప్పుకుని పోవడం. వీధి చివర మలుపు దాకా అద్దంలో కనపడుతూనే ఉంది. నా గొంతు వీధంతా అరుస్తుంటే, ఆమె ఇంట్లోంచి ఒక చీర తెచ్చి చంకన పెట్టుకుని, మొదటి ఇంటి గడప ఎక్కి, వాళ్లు బయటికి వచ్చేదాకా తలుపు కొడుతోంది.