ఇరవై రెండేళ్లకే శుక్లం

మొన్న మా మనవరాలు మోచేతి మడతలు గోక్కుంటూ మధ్యమధ్యలో కళ్లు నులుముకుంటుంటే కంటి డాక్టరుకు చూపించాం. ఎగ్జిమా ఉన్న పిల్లలు కళ్లు రుద్దకూడదనీ, చర్మంతోపాటు కళ్లనూ చూపించుకుంటూ ఉండాలనీ ఆయన చెప్పాడు. పందొమ్మిది వందల అరవైల్లో పులికాట్ సరస్సు ఒడ్డున మాకీ సంగతి చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. కళ్లు నులుముకోవడంలో ఉన్న సుఖం అలాంటిది.

పుట్టినప్పటి నుంచీ నాకు ఒళ్లంతా దురదే. కొందరు ఉప్పుగాలి వల్లనన్నారు, కొందరు రొయ్యల వల్లనన్నారు. ఇరవై ఏళ్లకు కళ్లకు పొర కమ్మడం మొదలైంది. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉండేది. సరస్సు పాలలా తెల్లగా పరుచుకునేది, పడవలు ఆకాశంలో తేలేవి, చంద్రుడి చుట్టూ కట్టే వెలుగు గుడి మా కిరసనాయిలు దీపం చుట్టూ కట్టేది. రెండేళ్లు గడిచి, వల కుడుతూ దారానికి బదులు నా వేలినే ముడేసుకున్న రోజున ఆ కల చెదిరింది. వల కుట్టలేనివాడికి మా ఊళ్లో బతుకు లేదు.

మా అవ్వ నా చెయ్యి పట్టుకుని నాయుడుపేట బడిలో పెట్టిన కంటి శిబిరానికి తీసుకుపోయింది. వరసలో అందరూ ముసలివాళ్లే. ఆపరేషను చెయ్యాల్సిన కంటిపైన కాంపౌండరు ప్లాస్టరు ముక్క అంటిస్తున్నాడు. ముసలామెను మనవడు తీసుకొచ్చాడనుకుని అవ్వ కనుబొమ మీద ఒకటి అంటించి, "నువ్వు బయటుండబ్బయా" అని నన్ను గెంటేశాడు. తోడొచ్చినవాళ్లకు పెట్టే బొట్టు కాబోలనుకుంది అవ్వ. తప్పు కనిపెట్టాల్సింది నేను. నాకేం కనిపిస్తుంది?

లోపల డాక్టరు టార్చి వేసి చూసి, "ఈమెకు శుక్లమేదయ్యా?" అని కాంపౌండరు మీద అరిచాడు.

"నాకెందుకుంటాది సామీ? మావోడికి ఉండాది. వాణ్ణి బయటికి తోలేసినారు మీరు" అంది అవ్వ.

నన్ను పిలిపించారు. డాక్టరు నా మెడా మోచేతులూ చూసి, ఇలాంటి దురద చర్మం ఉన్నవాళ్లకు ఒక్కోసారి చిన్నవయసులోనే శుక్లం వస్తుందన్నాడు. ఆపరేషనయ్యాక కన్ను రుద్దితే చూపు దక్కదనీ హెచ్చరించాడు. ఆపరేషనయింది. కళ్లకు గంతలు, తల కదలకుండా రెండువైపులా ఇసుక సంచులు, ముఖమంతా దురద. అవ్వ పాత చీర చించి నా చేతులు మంచానికి కట్టేసింది.

"ఒక్కసారి గోకనీవే అవ్వా!"

"గోక్కో నాయనా. రేపు నీ వల కుట్టేదానికి మీ తాత పైనుంచి దిగొస్తాడు" అంటూ రోజుల తరబడి నా ముఖానికి విసనకర్రతో విసిరింది.

కొన్ని వారాలకు సోడాబుడ్డి అద్దాలొచ్చాయి. పెట్టుకోగానే ఎదురుగా అవ్వ. ముఖం నిండా ముడతలు, తలంతా తెలుపు.

"ఏందబ్బయా అట్టా చూస్తండావు?"

"పొర ఇంకా పోయినట్టు లేదవ్వా" అన్నాను.

నాకు చూపు మసకేసిన ఆ రెండేళ్లూ, చూసేవాడు లేడని కాలం ఆమె ముఖం మీద తీరిగ్గా తన పని చేసుకుపోయింది.