గుడ్డ గోడకు అవతల

రబ్బీ గెర్షోన్ పెల్ట్స్‌కి జీవనాధారం కారు నడపడం నేర్పడం. యూదుల మతగురువుగా చేసే రబ్బీగిరీ మీద పైసా రాదు, మానేద్దామంటే జనం మాననివ్వరు. ఇజ్రాయెల్‌లోని హైఫా కొండవాలు మీద నెవె షానాన్ పేటలో పిల్లలంతా ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గరే స్టీరింగు పట్టారు. గురువు కారు కదా, ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తున్నా ఆయన గొంతు పెరగదు. "పరవాలేదమ్మా, తొందర లేదు, బస్సు వాడికి కూడా ఇల్లుంది" అంటూ నెమ్మదిగా కాలు నొక్కుతాడు.

అలాంటి బ్రేకు ఆయన నోటికి లేదు. ఆ సంగతి ఆయన భార్య తిర్జాకి తెలుసు, దేవుడికి తెలుసు. ఈ సుక్కోత్‌కి, అంటే పందిళ్ల పండక్కి, ఇంకో ఇద్దరికి తెలిసింది.

నాలుగేళ్లలో ఐదోసారి ఓట్లు పడబోతున్న రోజులవి. పార్టీల పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక జనానికి పోయి, ప్రధానమంత్రి విషయంలో దేశమంతా రెండే కులాలైంది: "ఆయన ఉండాలి" వాళ్లు, "ఆయన పోవాలి" వాళ్లు. రబ్బీ ఉండే మూడంతస్తుల ఇంటి కింది వాటాలో ప్రార్థన మందిరం ఉంది. అరవై కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ వేసవిలో కుర్చీలు వాటంతటవే కుడికీ ఎడమకీ జరిగిపోయి, మధ్యలో మనిషి పడుకునేంత దారి ఏర్పడింది. చివరికి "పోవాలి" పక్షపు అమ్నోన్ కెస్లెర్ ఒక కాగితం మీద సంతకాలు సేకరించాడు. పండగ వెళ్లాక "పోవాలి" వాళ్లు నేలమాళిగలో విడిగా ప్రార్థన పెట్టుకుంటారట. పండగ వారంలోని షబ్బాత్ నాడు, అంటే శనివారం, ప్రార్థన అయ్యాక, ద్రాక్షరసం, కేకుల దగ్గర ఆ సంగతి తేల్చుకోవాలి.

రబ్బీకి నిద్ర పట్టడం మానేసింది. ఆయనకు పిల్లల్లేరు. ఆ గదినే పెంచాడు. అది రెండు ముక్కలైతే తను ఇన్నేళ్లూ చేసిందేమిటో తనకే చెప్పుకోలేడు. అందుకే షబ్బాత్ ప్రసంగం కోసం మూడు వారాలు కూర్చుని కరుణ మీద పదకొండు పేజీలు రాశాడు.

పండగ ఏడు రోజులూ తిండి పందిట్లోనే. ఆ ఇంటి పెరడు ఇరుకు. అందులో మూడు పందిళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. పైన ఖర్జూరపు మట్టలు, చుట్టూ గుడ్డ గోడలు. ఎడమ పందిరి మఖ్లూఫ్ ఎదరీది. ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు, "ఉండాలి" పక్షానికి పెద్ద గొంతు. కుడివైపు పందిరి అమ్నోన్‌ది, రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. మధ్యలో రబ్బీ పందిరి. రెండు వైపుల నుంచీ వాళ్ల పోస్టర్లు ఆయన గుడ్డలోంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తుంటాయి.

గురువారం మధ్యాహ్నం తిర్జా క్యాబేజీ చుట్టలు వడ్డించింది. రబ్బీ నిలబడి పదకొండు పేజీలూ చదివి వినిపించాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది" అంది తిర్జా. "మొదటి చుట్ట వేడిగా తిన్నాను, ఆఖరుది చల్లారిపోయింది. అది సరే గాని గెర్షోన్, ఇందులో నువ్వు నమ్మేది ఎంత?"

అక్కడ బ్రేకు పడాల్సింది. పడలేదు.

"ఎలా నమ్మమంటావు? ఆ మఖ్లూఫ్ ఉన్నాడే, ఈకలు లేని చిలక! పొద్దున రేడియోలో విన్నది సాయంత్రం దాకా వల్లిస్తాడు. ఇక మన అమ్నోన్ మాస్టారు. దేశం ఏమైపోతుందోనని బెంగపడి చిక్కిపోతుంటాడు, పక్కింటివాడి పేరు ఇరవై ఏళ్లయినా సరిగ్గా పలకడు. డిగ్రీలున్న మేక! వీళ్లకి నేను కరుణ చెప్పాలి! ఇద్దర్నీ నా కారెక్కించి, కొండ దిగేటప్పుడు కాలు తీసేస్తే సరి!"

తిర్జా చెంచాతో ఎడమ గుడ్డ చూపించింది. తర్వాత కుడి గుడ్డ చూపించింది.

ఎడమవైపు నుంచి ఒక దగ్గు వినిపించింది. ముప్పై ఏళ్లు క్రేను డీజిలు పొగ పీల్చిన దగ్గు, పేటలో అలాంటిది ఇంకొకటి లేదు. కుడివైపు ఎవరో చెంచాని పింగాణీ మీద అతి జాగ్రత్తగా పెట్టారు.

"ఉన్నారా?" అన్నాడు రబ్బీ, పెదాలతోనే.

"భోజనాల వేళ, పందిట్లో లేక ఎక్కడుంటారు?" అంది తిర్జా.

పాపాలు కడుక్కునే యోమ్ కిప్పుర్ వెళ్లి ఎనిమిది రోజులే. పాతికగంటల ఉపవాసంతో కడిగించుకున్న పలక మీద ఇదీ మొదటి గీత. సాయంత్రం దాకా రబ్బీ పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాడు. ఈ నోటితో షబ్బాత్ నాడు కరుణ గురించి చెబితే ఆ కాగితం మీద తనే ముందు సంతకం పెట్టినట్టు. చెప్పకపోతే గది ఎలాగూ పోతుంది.

శుక్రవారం పొద్దున్నే తిర్జా ఆయన చొక్కా బొత్తాలు సరిచేసి బయటికి తోసింది. "పెద్దాయన దగ్గరికి ముందు వెళ్లు. కారణాలు చెప్పకు."

రబ్బీ మఖ్లూఫ్ పందిరి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారు. తెర ఎత్తి చూస్తే మఖ్లూఫ్ ఎదురుగా అమ్నోన్ కూర్చుని మిరపకాయల చేప పులుసులో రొట్టె ముంచుకుంటున్నాడు. కళ్లల్లో నీళ్లు. కారానికే.

"రా, రబ్బీ" అన్నాడు మఖ్లూఫ్. "సరిగ్గా వచ్చావు. మాకొక సందేహం. ఎవరిని ఎక్కువ తిట్టావు?"

"నన్నే" అన్నాడు అమ్నోన్. "మేక అన్నారు. బోర్డు మీద నలభై ఏళ్లు సుద్దముక్క అరగదీసినవాణ్ణి."

"నీకు డిగ్రీలైనా ఉంచాడు తమ్ముడూ. నాకు ఈకలు కూడా మిగల్చలేదు."

"మీ పేరు పలకడం రాదన్నారు నాకు. అదేం మాట మఖ్లొఫ్‌గారూ?"

"మఖ్లూఫ్."

"అదే కదా నేనన్నది."

"రబ్బీ ఈ ఒక్క ముక్క నిజమే చెప్పాడులే. తిను."

రబ్బీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాది తప్పు. ఇద్దర్నీ అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఈ ఏడాది మొత్తంలో వాళ్లిద్దరూ ఒక విషయం మీద ఒక్కటైంది అప్పుడే.

"ఇప్పుడు కాదు" అన్నాడు అమ్నోన్. "ఆ పదకొండు పేజీలూ నిన్న మాకు వినిపించాయి. అవి చాలా పొడుగు. రేపు ఏం చెబుతారో విని అప్పుడు చూద్దాం."

"ఆ కాగితం సంగతి?" అన్నాడు రబ్బీ.

"అది వేరే విషయం" అన్నాడు అమ్నోన్, నాలుక మంటకి నీళ్లు తాగుతూ. "సంతకాలు సంతకాలే."

షబ్బాత్ నాడు మందిరం నిండిపోయింది. మధ్యలో ఆ దారి అలాగే ఉంది. రబ్బీ కాగితాలు లేకుండా లేచి నిలబడ్డాడు.

"పందిరి పైకప్పు గురించి మన పెద్దలు ఎన్నో నియమాలు రాశారు" అన్నాడు. "ఆకులు ఎంత ఒత్తుగా ఉండాలి, సందుల్లోంచి చుక్కలు కనబడాలా వద్దా, అన్నీ. గోడల దగ్గరికొచ్చేసరికి చేయి వదిలేశారు. చెక్కైనా సరే, గుడ్డైనా సరే. ఎందుకో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. గురువారం తెలిసింది. గుడ్డ గోడ మన మాటల్ని పక్కవాడికి చేరుస్తుంది. ఈ వారం నేను ఒకాయన్ని చిలక అన్నాను."

పేరు చెప్పలేదు. అయినా అరవై తలలు ఒక్కసారిగా మఖ్లూఫ్ వైపు తిరిగాయి.

"ఇంకొకాయన్ని మేక అన్నాను."

తలలన్నీ అమ్నోన్ వైపు తిరిగాయి. ఎవరూ తడబడలేదు.

అక్కడే ఆపేద్దామనిపించింది రబ్బీకి. కానీ కొండ మీద సగంలో కారు ఆపకూడదని ముప్పై ఏళ్లుగా ఆయనే చెబుతున్నాడు.

"అదే గుడ్డ పక్కవాళ్ల మాటల్ని నాక్కూడా చేర్చింది. ఇరవై ఏళ్లుగా. ఆ చిలక ప్రతి సాయంత్రం సైన్యంలో ఉన్న మనవరాలికి ఫోన్ చేసి, ఏం తిన్నావని మూడుసార్లు అడగడం నేను విన్నాను. ఆ మేక మోకాలి ఆపరేషనైన భార్యకి మందుల పేర్లు పాటకట్టి వినిపించడం విన్నాను. పాట బాగోదు. ఇవన్నీ నా చెవిన పడ్డాయి. నేను మాత్రం నినాదాలు ఒక్కటే మనసులో దాచుకున్నాను. మీరేం దాచుకున్నారో నాకు తెలియదు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో నేను చెప్పను, నాకూ ఒక ఓటుంది, ఎక్కడ వేస్తానో తిర్జాకి కూడా తెలియదు. కానీ తిట్టే ముందు పక్క పందిరి నుంచి వచ్చే దగ్గొకటి వినండి. అది విన్నాక కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి. కొంచెం చిన్నగా వస్తుంది తిట్టు."

కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక ముక్కు చీదారు. దాంతో గదంతా నవ్వింది.

కేకు దగ్గర అమ్నోన్ గొంతు సవరించుకున్నాడు. అందరూ ప్లేట్లు పట్టుకుని ఆగిపోయారు. 

"నేలమాళిగ విషయం ఆలోచించాను" అన్నాడు అమ్నోన్. "కింద ఉండబోయేదంతా నాతో ఏకీభవించేవాళ్లే. వాళ్లతో రెండు షబ్బాత్‌లు గడిపితే నేను విసుగుతో పోతాను. కాబట్టి ఈ ప్రతిపాదనని, ఈ ఎన్నికలయ్యాక మళ్లీ వచ్చే ఎన్నికల దాకా వాయిదా వేస్తున్నాను."

"అంటే ఆరు నెలలు!" అని ఎవరో అరిచారు. రెండు పక్షాలూ కలిసి నవ్విన మొదటి జోకు అది. రబ్బీ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. ఆరు నెలలైతే ఆరు నెలలు. కొండ ఎక్కేటప్పుడు ముందు ఒక గేరు పడితే చాలు.

అప్పుడు ఆయన కళ్లు మఖ్లూఫ్ కోసం వెతికాయి. ముసలాయన ఒక్కడే గోడ వారగా కూర్చుని ఉన్నాడు. కేకు ముట్టుకోలేదు. రబ్బీ వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"ప్రసంగం బాగుంది" అన్నాడు మఖ్లూఫ్. "అయితే రబ్బీ, నిన్నటి దాకా నేను చిలకనని ముగ్గురికే తెలుసు. ఇందాక వాకిట్లో ఇద్దరు చిన్న పిల్లలు నా వెనక రెక్కలాడిస్తూ నడిచారు."

రబ్బీ క్షమాపణ అడగబోయి అరవై మంది ముందు మళ్లీ తిట్టాడన్నమాట. ఈ రెండో తప్పు మొదటిదాని కన్నా పెద్దది, పైగా బాగా ఆలోచించి చేసింది.

"మఖ్లూఫ్‌గారూ, నన్ను…"

ముసలాయన చేయెత్తి ఆపాడు. పక్క కుర్చీ మీద తట్టాడు. తల వంచి, నెరిసిన వెంట్రుకలున్న చెవిని రబ్బీ వైపు తిప్పాడు.

"కూర్చో" అన్నాడు. "ఈసారి నా ఒక్కడికే చెప్పు."