మా టేప్ రికార్డర్ క్లబ్బుకు వెళ్లిన శనివారం

మా ఇంటి టేప్ రికార్డర్‌లో అప్పటివరకు నేను పాడిన వర్ణాలు తప్ప మరేమీ ఎక్కలేదు. నేను బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఒక బడిలో టీచరును. సాయంత్రాలు సంగీతం నేర్చుకునేదాన్ని. పాఠాన్ని ఇంట్లో పాడి, రికార్డు చేసి, మళ్లీ విని, నా తప్పులకు నేనే సిగ్గుపడేదాన్ని. ఈ సంగతి వీధంతటికీ తెలుసు. అందుకే ఒకరోజు పక్క లైను ఇళ్లలో ఉండే కుర్రాడు గిటార్ భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

అతనికి ఇరవై రెండేళ్లుంటాయి. గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. వాళ్ల నాన్న కామసముద్రం నుంచి వచ్చి గనిలో చేరినవాడు. భూమి లోపల సొరంగం కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని. ఆస్ట్రేలియాకు వెళ్లిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఇచ్చిపోయిన గిటార్ అది. దానికి స్పీకరు పాత వాల్వు రేడియో.

"అక్కా, బెంగళూరులో ఒక బ్యాండుకి గిటార్ వాయించేవాడు కావాలంట. క్యాసెట్ పంపీమన్నారు. శనివారం క్లబ్బులో మా వాయింపు ఉండాది. మీరొచ్చి రికార్డు చేసిస్తారా?"

"మిషను తీసుకోని పో. నేనెందుకు?"

"నేను వాయించల్లా, బటన్లు నొక్కల్లా? మీకైతే చెవి ఉండాది."

ఆ మాటకు పడిపోయాను. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. సంగతి వినగానే పేపరు పక్కన పెట్టాడు. "క్లబ్బుకా? ఆడపిల్ల ఒక్కతే యాడికి పోతుంది? నేనూ వస్తా." ఇరవై ఏళ్లుగా ఆ గని ఆఫీసర్ల క్లబ్బు లోపలేముందో చూడాలని ఆయనకు ఉందని అమ్మకూ నాకూ తెలుసు. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయినా, అక్కడ దొరల నాటి నియమాలు పోలేదు. చెప్పులతో రానివ్వరు, బూట్లుండాలి. నాన్న పక్కింటాయన బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. అవి ఆయనకు బాగా బిగుతు. క్లబ్బు మెట్లు ఎక్కేటప్పుడు పెళ్లికొడుకులా ఆచితూచి నడిచాడు.

నాలుగు గంటలకు మొదలైంది. ఓ పాతిక మంది ఉన్నారు. పక్క గదిలో బిలియర్డ్స్ ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. కుర్చీ మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద మైకు ఉంచి, నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను. మొదటి రెండు పాటలూ హుషారుగా సాగాయి. అలాంటి సంగీతం నాకు కొత్త. అయినా అతని వేళ్లు శ్రుతిలో ఉన్నాయని మాత్రం తెలిసింది.

మూడో పాట మధ్యలో నేల అదిరింది.

లోతున రాయి ఒత్తిడికి పగిలితే పైన ఊరంతా అదురుతుంది. ఏర్ బ్లాస్ట్ అంటాం. మాకు అలవాటే. అల్మరాలో గిన్నెలు ఒకసారి గలగలమంటాయి, సర్దుకుంటాయి. కానీ ఈసారి అద్దాలు చాలాసేపు ఊగాయి. డ్రమ్ములు ఆగిపోయాయి. అతని నాన్న ఆ మధ్యాహ్నం షిఫ్టులో లోపలే ఉన్నాడు.

క్లబ్బు కార్యదర్శి ఫోను దగ్గరికి పరుగెత్తాడు. గిటార్ కుర్రాడు మాత్రం వాయించడం ఆపలేదు. ఒకే తీగ మీద ఒకే స్వరం, మళ్లీ మళ్లీ. కళ్లు తలుపు మీద. నాన్న నా దగ్గరకొచ్చి, "ఆపేయమ్మా ఆ మిషను" అన్నాడు మెల్లగా. వేలు బటన్ మీద పెట్టాను కానీ నొక్కలేకపోయాను. నేను ఆపితే అతనూ ఆపేస్తాడేమోనని భయం వేసింది.

కార్యదర్శి తలుపులోంచే అరిచాడు. "ఎవురికీ ఏమీ కాలేదప్పా! అందరూ బాగుండారు!"

అప్పుడు ఆ ఒక్క స్వరంలోంచి అతను పాటలోకి దూకాడు. డ్రమ్ములవాడు తేరుకుని అందుకునేసరికి కాస్త వెనకబడ్డాడు. నాన్న బూట్లు విప్పేసి, తాళంతో నిమిత్తం లేకుండా చప్పట్లు కొట్టాడు. ఎవరూ ఆయన కాళ్ల వైపు చూడలేదు.

మర్నాడు వాళ్ల నాన్న అతనితో మా ఇంటికే వచ్చి క్యాసెట్ విన్నాడు. తల ఊపుతూ విని, అక్కడికి రాగానే ఆగాడు. "ఈడేమిరా, అంతసేపు ఒకటే వాయిస్తా ఉండావు? మర్చిపోయినావా?"

"అవును నాయనా, మర్చిపోయినా" అన్నాడతను. నేను కాఫీ తెచ్చే నెపంతో లోపలికి వెళ్లాను.

బెంగళూరువాళ్లు క్యాసెట్‌ను మొదట తిరగేసి పెట్టారట. అటువైపు నా వర్ణం ఉంది. "ఈ అమ్మాయి కూడా వస్తుందా అని అడిగినారక్కా" అని చెబుతూ అతను పగలబడి నవ్వాడు. తర్వాత అసలు వైపు విని అతన్ని రమ్మన్నారు. వెళ్లాడు. అక్కడినుంచి మద్రాసు స్టూడియోలకు, సినిమా పాటలకు, చివరికి పోస్టర్ల మీదికి.

చాలా ఏళ్ల తర్వాత ఒక రేడియో స్టేషనువాళ్లు అతని పాత రికార్డింగు ఏదైనా కావాలన్నారట. అతను బెంగళూరు నుంచి తిరిగి తెచ్చిచ్చిన క్యాసెట్ నా దగ్గరే ఉంది, అది పంపాను. ఆ ఒకే స్వరం ఉన్నచోట కోసేద్దామని వాళ్లన్నారట, అతను ఒప్పుకోలేదట. మొత్తం వేశారు. అయిపోయిన పది నిమిషాలకు ఫోను చేశాడు.

"విన్నారా అక్కా?"

"విన్నా. డ్రమ్ములు ఆడ వెనకబడినాయి చూడు."

"మీ చెవికి అదొక్కటే దొరికిందా! ఆ డ్రమ్ములోడిప్పుడు బ్యాంకు మేనేజరక్కా. యాడైనా కనబడితే ఈ మాట అనొద్దండి, ఇంగ మళ్లీ వాయించడు."