ఆకు వెనక పచ్చ

అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో పాత ఫర్నిచర్ బాగుచేసే షాపులో హనుమయ్య చేతికొచ్చేవి రెండు వందల ఏళ్లనాటి ఫ్రెంచి బల్లలు. రంగు చెక్కను పల్చగా కోసి, పువ్వులుగా, ఆకులుగా అతికించిన పనితనం వాటిది. ఎండకు ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. ఊడిన ఆకు వెనక పాత జిగురు గీకితే మాత్రం, ఆనాటి వడ్రంగి అద్దిన పచ్చరంగు నిన్న వేసినట్టుంటుంది. అది కనపడితే చాలు, "లీలా, ఒకసారి ఇటు రా" అని కేకేసేవాడు. ముందుగదిలో షాపు ఫోన్లు ఎత్తే భార్య లీలావతి లేచొచ్చి, "అయ్యో, ఇంత పచ్చనా!" అని ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేది. ఆమె చూశాకే పచ్చవైపు లోపలికి పెట్టి అతికించేవాడు.

మార్చిలో లీలావతి పోయింది. ఈరోజు హనుమయ్య బల్లకు వేడి జిగురు రాసి, ఆకు అందుకుని, వెనక్కి తిప్పి చూశాడు. చూసి, అలవాటుగా ముందుగది గుమ్మం వైపు చాచి పట్టుకున్నాడు. పక్కన పాలిష్ పెడుతున్న, షాపులో పని నేర్చుకునే త్రివేణి బల్ల మీది జిగురును వేలితో తాకి చూసి, "అంకుల్, గ్లూ చల్లారిపోయింది" అంది మెల్లగా. ముప్పై ఏళ్లలో అతని దగ్గర జిగురు అలా చల్లారింది లేదు. "అవునమ్మా, మళ్ళీ హీట్ చేయాలి" అన్నాడు. చాచిన చెయ్యి మాత్రం దించలేదు.