సార్ మూయాల్సిన ఫిర్యాదు

"నాయన పోయినాడక్కా. పొద్దున కాఫీ తాగి, కూర్చున్న కాడనే" అని సార్ కూతురు ఫోన్ చేసింది. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

కర్నూలు పాలిటెక్నిక్‌లో ఆయన మా సార్. రిటైరయ్యాక కల్లూరు ఇంట్లో కూర్చుని, ఫోన్లో తెలుగు టైపు చేసుకునే కీబోర్డొకటి తయారుచేశారు. దాని కోడ్ అందరి ముందూ పెట్టేశారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగుచేయొచ్చు. అలా చేరినవాళ్లమే మేమంతా. జీతంలేని కొలువు, రోజూ తగువులు.

అన్నిట్లోకి పెద్ద తగువు, వాడేవాళ్ల ఫిర్యాదులు ఎక్కడ నమోదు చేయాలన్నది. సార్ సొంతంగా పెట్టిన ట్రాకర్, అంటే ఫిర్యాదు రాగానే తెరిచి, తీరాక మూసే చిట్టా, వాళ్లింటి కంప్యూటర్లోనే నడిచేది. కల్లూరులో కరెంటు పోతే అదీ పోయేది. కుర్రవాళ్లు కొత్త ట్రాకర్‌కు మారదామన్నారు. పాతవాళ్లు ససేమిరా అన్నారు. మాటామాటా పెరిగి, కోడ్ కాపీ తీసుకుని వేరు పడతామనేదాకా వచ్చింది. అంత కష్టపడి కట్టుకున్నది రెండు ముక్కలవుతుందని నాకు భయం పట్టుకుంది.

ఒక ఆదివారం సార్ అందర్నీ ఇంటికి పిలిచి ఉగ్గాని పెట్టించారు. కడుపు నిండాక అన్నారు: "నువ్వు వద్దన్నదాన్నే వారం వాడప్పా. దాంట్లో మంచేముందో చెప్పు. అంతవరకూ నీ మాట యినను."

ఆ షరతు ఆయనకూ వర్తించింది. వారం తర్వాత ఆయనే ముందు నోరు విప్పారు. "కొత్తదే శానా బాగుండాది. నాది ఆపేద్దాం." ఆ మాటంటున్నప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. నాకు బాధేసింది. గెలిచినవాళ్లు కూడా తలలు దించుకున్నారు.

బదులుగా ఒక్కటే అడిగారు. "సరిచేసినోడు ఫిర్యాదు మూయగూడదు. నొప్పి చెప్పినోడే తగ్గిందని చెప్పల్ల."

"సగం మంది జవాబే ఇయ్యరు సార్" అన్నాను.

"ఇయ్యకపోతే ఫోన్ చేస్తాం. దానికేముందమ్మా?"

నిజంగానే చేసేవారు. "నేను కీబోర్డు సార్‌ను మాట్లాడతాండా. ఇప్పుడు సరిపోయిందా?" అని మొదలుపెట్టి, డోన్‌లో వాన పడిందా లేదా అన్నదాకా వెళ్లేవారు. ఇదేం చాదస్తమని విసుక్కునేదాన్ని. కానీ ఆ ఫోన్లు అందుకున్నవాళ్లలో కొందరు తర్వాత మాతో చేరి పనిచేశారు.

పోయే ముందు వారం సార్ కూడా ఒక ఫిర్యాదు రాశారు: "ఫోన్ అడ్డం తిప్పితే కీబోర్డు మాయమైతాండాది." అది నేను తీసుకున్నాను. చేద్దాంలే అనుకుంటుండగానే ఆ కబురు వచ్చింది.

దినాలు ముగిశాక కూర్చుని సరిచేశాను. అలవాటు కొద్దీ కింద రాశాను: "సార్, అయింది. ఒకసారి చూసి చెప్పండి."

ఆ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. అన్నీ చకచకా మూసేయాలని తొందరపడే కుర్రవాళ్లు కూడా దాని జోలికి పోవడం లేదు. అప్పుడప్పుడు నేను ఫోన్ అడ్డం తిప్పి చూస్తాను. కీబోర్డు వస్తుంది, అక్షరాలన్నీ సరిగ్గా ఉంటాయి. సరిపోయిందని చెప్పాల్సింది ఆయన.